మణెమ్మ పుంజు, మద్దిలేటి పలక

జట్కా తోలేవాడికి మనస్సాక్షి ఉండకూడదు. ఉంటే గుర్రం లెక్కచేయదు, ఎక్కినవాళ్లు లెక్కచేయరు, ఆఖరికి నిద్ర కూడా దగ్గరికి రాదు. నంద్యాల స్టేషను ముందర జట్కా తోలే ఏసయ్యకు ఆ జబ్బు పుట్టుకతోనే ఉంది. అందుకే యాభై ఏడులో కొత్త జ్వరం వచ్చి ఊరూరూ ముక్కు చీదుకుంటుంటే, వాడు మాత్రం చచ్చిపోయిన ఒక కోడిపుంజును తలుచుకుని కుమిలిపోతూ తిరిగాడు.

ఆ పుంజు సంగతి ముందు చెప్పాలి. ఈస్టరు వెళ్లిన వారం ఏసయ్య ఆళ్లగడ్డకు పోయి, మణెమ్మ కూతురు లూదియాను ఖాయం చేసుకుని, మరునాడు చీకటితోనే జట్కా కట్టుకుని తిరుగుముఖం పట్టాడు. మనిషి ఆనందంలో ఉన్నాడు, గుర్రం నిద్రలో ఉంది. వీధి చివర గానుగ మలుపు దగ్గర చక్రం కింద ఏదో పడింది. దిగి చూస్తే ఎర్రటి పుంజు, ప్రాణం పోయి ఉంది. ఎవరిదని అడుగుదామంటే ఊరు ఇంకా లేవలేదు. కళ్లెదుట పడిన కూరను కుక్కలకు వదిలిపెట్టేంత గొప్పవాళ్లు ఏసయ్య వంశంలో ఎవరూ పుట్టలేదు. పుంజును గోనెసంచిలో వేసుకుని నంద్యాలకు తెచ్చి, కారం దట్టించి వండుకుని తిన్నాడు.

మళ్లీ ఆళ్లగడ్డ పోయినప్పుడు తెలిసింది, అది ఎవరి పుంజో. మణెమ్మదే. కూతురి పెళ్లి విందుకని ఏళ్ల తరబడి గింజలు ఏరి పెట్టి పెంచుకున్నదట. పక్కింట్లో బట్టలు కుట్టుకుని బతికే ఓబయ్య వాకిట్లోకి గాలికి నాలుగు ఎర్ర ఈకలు కొట్టుకొచ్చాయి. మణెమ్మకు అంతకన్నా సాక్ష్యం అక్కరలేకపోయింది. ఓబయ్య ఎంత మొత్తుకున్నా వినలేదు. గుడిలో సిలువ ముందర నిలబడి, నా పుంజును తిన్నోడెవడైనా సరే వాడికి నా ఇంట్లో ఎంగిలి చెయ్యి కడిగే యోగం ఉండదు అని ఒట్టు పెట్టుకుంది. మణెమ్మ ఒట్టు పెట్టిందంటే పెట్టిందే. మొగుడు బతికున్న కాలంలో ఆయనతో మాట్లాడనని ఒకసారి ఒట్టు పెట్టుకుని, ఆయన పోయినప్పుడు కూడా శవంతో కాకుండా పాడెతో చెప్పుకుని ఏడ్చిందని ఊళ్లో అంటారు.

ఏసయ్య అప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచాడు. తలుపు చాటు నుంచి లూదియా చూసింది. వాడి నోరు దానంతట అదే మూసుకుపోయింది. ఆ పిల్ల అంటే వాడికి అంత ఇష్టం.

నోరు మూసుకుని బతికేయవచ్చు గదా అంటే, కతోలికులకు అది కుదరదు. పెళ్లికి ముందు పాపసంకీర్తనం చేయాలి. గురువు చెవిలో పాపాలన్నీ చెప్పి, క్షమాపణ పొంది, శుభ్రమైన ఆత్మతో పీట ఎక్కాలి. ఒక్క పాపం కావాలని దాచినా చేసిందంతా దండగ. మామూలు రోజుల్లో ఇదేం కష్టం కాదు. గుడిలో పాపసంకీర్తనపు గూడు ఉంటుంది, జాలీకి అటు గురువు, ఇటు పాపి, మధ్య గుసగుస. పుంజు సంగతి అట్లా గుసగుసగా చెప్పేసి బరువు దించుకుందామని ఏసయ్య పథకం. ఆ సమయానికే జ్వరం దిగింది.

నంద్యాల విచారణకు, అంటే ఆ చుట్టుపక్కల కతోలికులందరికీ, గురువు జాన్ ఫాదరు. గుంటూరు వైపు మనిషి. మెత్తని మాట, మెత్తని మనసు. జ్వరం అంటకుండా డాక్టరుగారు పిలిచి చెప్పిందంతా గుడిలో పాటించాలని చూశాడు. పాటించే పని ఉపదేశి దేవసహాయం నెత్తిన పడింది. ఫాదరు లేనప్పుడు జపాలు చెప్పించేదీ, ఉన్నప్పుడు ఫాదరుకు కూడా ఏం చేయాలో చెప్పేదీ ఈ దేవసహాయమే. పైగా మణెమ్మకు స్వయానా అన్న.

వాకిట్లో తీర్థజలపు తొట్టిలో అందరూ వేళ్లు ముంచకూడదన్నారు. దేవసహాయం తొట్టి ఎండగట్టి, బకెట్లో వేపమండ ముంచి పదడుగుల దూరం నుంచి చల్లసాగాడు. పదడుగుల దూరం నుంచి చల్లడమంటే అది చల్లడం కాదు, కొట్టడం. ఆదివారం పూజకు పోయినవాళ్లు వానకు తడిసినట్టు ఇంటికొచ్చి, సోమవారం జ్వరం పడ్డారు. సిలువను ముద్దు పెట్టుకోవద్దు, అరచేతిని ముద్దు పెట్టుకుని సిలువ వైపు విసరండి అన్నారు. పడుచువాళ్లు సిలువ పేరు చెప్పి ఆడవాళ్ల వైపు విసరసాగారు, అదీ ఆపేశారు. ఫాదరు నోట్లో పెట్టే సత్ప్రసాదం తీసుకునేటప్పుడు ఊపిరి బిగబట్టమంటే, ముసలి ఇన్నమ్మ పూజలో మొదటి గంట మోగినప్పుడే బిగబట్టి, ఫాదరు ఆమె దగ్గరికి వచ్చేసరికి కింద పడిపోయింది.

ఇన్ని చేసినా జ్వరం ఫాదరును వదల్లేదు. తగ్గి లేచేసరికి ఆయన చెవులు దిబ్బెడ వేశాయి. పక్కన బాంబు పేలినా ఎవరో తలుపు తట్టారా అని అడిగే పరిస్థితి. డాక్టరుగారేమో ఎవరినీ పదడుగుల లోపలికి రానీయవద్దన్నారు. అంటే ఇక గూడు లేదు, జాలీ లేదు, గుసగుస అసలే లేదు. పదడుగుల అవతల నుంచి చెవులు వినబడని మనిషికి పాపాలు ఎట్లా చెప్పేది?

దేవసహాయానికి ఉపాయాలు తక్కువ లేవు. ఏ ఆజ్ఞ మీరితే అన్ని వేళ్లు చూపించండి అన్నాడు. దేవుడి ఆజ్ఞలు పది, మనిషికి వేళ్లు పది, దేవుడు ముందుచూపుతోనే చేశాడని మురిసిపోయాడు. శనివారం సాయంత్రం నంద్యాల గుడి ముందర అందరూ వరుసలో నిలబడ్డారు. ఫాదరు అరుగు మీద కూర్చున్నాడు. దొంగతనం ఏడో ఆజ్ఞ కాబట్టి ఏసయ్య ఏడు వేళ్లు చూపించాలి. ఆ వేళ్లు దేవసహాయం కంటపడితే, ఏం దొంగిలించినావప్పా అని ఆళ్లగడ్డ దాకా వెంటపడతాడు. చేతులు చంకలో పెట్టుకుని వరుస చివరికి జరిగి నిలబడ్డాడు.

అంతదాకా రానేలేదు. మూడోవాడు మిల్లులో పనిచేసే రాయప్ప. కన్నతల్లిని తిట్టినందుకు నాలుగు వేళ్లు ఎత్తాడు. సరిగ్గా అప్పుడే ముక్కు మీద ఈగ వాలింది. రెండో చేతి రెండు వేళ్లతో దాన్ని తోలుకున్నాడు. వెనక వరుసలో అతని పెళ్లాం నాలుగూ రెండూ కూడింది. ఆరో ఆజ్ఞ వ్యభిచారం. ఆ తర్వాత జరిగింది చెప్పడం మర్యాద కాదు, రాయప్ప రెండు రోజులు గుడి అరుగు మీదే పడుకున్నాడని మాత్రం చెప్పవచ్చు. ఫాదరు తలపట్టుకుని లోపలికి పోయాడు.

ఏసయ్య పెళ్లి బుధవారం, ఆళ్లగడ్డలో. సోమవారమే ఫాదరును బస్సెక్కించుకుని దేవసహాయం ఆళ్లగడ్డ చేరాడు. ఫాదరును ఒంటరిగా పట్టుకుందామని ఏసయ్య చూడని చోటు లేదు. ఎప్పుడు చూసినా దేవసహాయం పక్కనే ఉన్నాడు. ఆయనకు ఇనపడదు, నేనే ఆయన చెవి, చెవికి పదడుగుల లెక్క ల్యా అన్నాడు. ఏ మనిషి చెవిలో పుంజు మాట పడకూడదో ఆ మనిషే ఫాదరుకు చెవి అయి కూర్చున్నాడు.

మంగళవారం పొద్దున పెళ్లివాళ్లంతా గుడి వెనక కల్లంలో సమావేశమయ్యారు. పెళ్లికి ముందర అందరికీ పాపసంకీర్తనం చెప్పించాలి, ఎట్లా అన్నది సమస్య. దేవసహాయం ఒక ఉపాయం చెప్పాడు. ఒక్కొక్కరూ వచ్చి తనకు చెబితే, తాను ఫాదరు దగ్గరికి పోయి కేకేసి చెబుతాడట. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భయం పుట్టినప్పుడు మనిషికి తెలివి పుడుతుంది, మంచిదో చెడ్డదో తర్వాత తేలుతుంది.

"పలక కొట్టిస్తే ఎట్లుంటాది మామా? పాపి అరిచి చెప్తాడు, ఫాదరుకు ఇనపడతాది. మధ్యలో పలక మోగుతాంటే ఎనకాలోళ్లకు ఇనపడదు" అన్నాడు ఏసయ్య.

పాపాలకు పలకేందప్పా అని దేవసహాయం కొట్టిపారేయబోయాడు. కానీ పెళ్లికి పలక, అంటే తోలు తప్పెట, వాయించడానికి మాట్లాడిన మద్దిలేటి అక్కడే ఉన్నాడు. ఆషాఢంలో హిందువుల ఇళ్లలో పెళ్లిళ్లు ఉండవు, అతని పలక చూరుకు వేలాడుతూ బూజు పట్టిపోతోంది. అతను కతోలికుడు కాదు గానీ వాయిద్యం విషయంలో ఎవరికైనా సలహా చెబుతాడు. సంకీర్తనమని మీరే అంటిరి గదా, వాయిద్యం లేకుండా సంకీర్తన యాడుందప్పా అని అడిగాడు. దేవసహాయం ఆ మాట ఫాదరు చెవిలో అరిచి చెప్పాడు. జబ్బు పడ్డాక ఫాదరు నవ్వడం అదే మొదటిసారి. నవ్వి ఒప్పుకున్నాడు.

ఒప్పుకుని, లేచి నిలబడి, అందరికీ వినబడేలా ఒక మాట చెప్పాడు.

"పొరపాటున ఒకరి పాపం ఇంకొకరి చెవిన పడితే, అది నా చెవిన పడినట్టే. నేనెట్లా నోరు విప్పకూడదో, విన్నవాళ్లూ అట్లాగే విప్పకూడదు. చచ్చేదాకా విప్పకూడదు. ఇది తిరుసభ చట్టం."

మణెమ్మ అందరికంటే ముందు లెంపలేసుకుని సరేనంది. ఇతరుల పాపాలు మనకెందుకప్పా అని కూడా అంది. మద్దిలేటిని కూడా అడిగారు. పుట్టినప్పటి నుంచి పలక కొడతాండా, నా పెండ్లాం మాటే నాకు ఇనపడదు, మీ పాపాలు యాడ ఇనపడతాయి అన్నాడు.

ఏసయ్య మధ్యాహ్నమంతా ఏర్పాట్లలో మునిగిపోయాడు. పలక తోలు చెమ్మకు వదులవుతుంది, వదులైతే మోగదు, మంట దగ్గర కాచి బిగించుకోవాలి. ఆషాఢపు తుంపరకు తోలు ఊరికే మెత్తబడుతుంది. కాచేటప్పుడు పలక ఆగుతుంది. ఆగినప్పుడు ఎవరైనా నోరు తెరిచి ఉంటే వాళ్ల బతుకు బజారున పడుతుంది. అందుకని ఏసయ్య మద్దిలేటితో ఒప్పందం చేసుకున్నాడు. పలక ఆపే ముందు మూడు దెబ్బల ముక్తాయింపు వేయాలి. అది వినగానే పాపి నోరు మూసుకోవాలి. మంట ఆరిపోకుండా చూసే పని తనే తీసుకున్నాడు. మణెమ్మ పెరట్లో కట్టెల వామి నుంచి రెండు చేతులకు పట్టినంత కట్టె మోసుకొచ్చాడు. పైన కనబడినవి కందికట్టెలు. అడుగున ఏమున్నాయో తిరగేసి చూసే ఓపిక కాబోయే పెళ్లికొడుక్కి లేకపోయింది.

పొద్దు వాలింది. కల్లానికి ఒక చివర ఫాదరు ఊదారంగు పట్టీ మెడలో వేసుకుని ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. పదడుగులు కొలిచి సున్నంతో గీత గీశారు. గీత మీద పాపి మోకరించాలి. వెనక గుడి గోడ వారగా తక్కిన జనం. మధ్యలో మద్దిలేటి, పక్కన మంట. పెళ్లికొడుకు ఆఖర్న రావాలి, ముందే శుద్ధి అయితే తెల్లారేలోపు మళ్లీ మాసిపోతాడు అని దేవసహాయం తీర్పు చెప్పాడు.

పని అద్భుతంగా జరిగింది. మద్దిలేటి కళాకారుడు. మాట వినబడకపోయినా పాపి వీపును చూసి దరువు మార్చాడు. వీపు వంగిన కొద్దీ దరువు ముదిరింది. వెనకున్నవాళ్లు దరువును బట్టి పాపాలు అంచనా వేసుకోసాగారు. దేవసహాయానికి జాతర దరువు పడింది, అందరూ గొంతు సవరించుకున్నారు. ముసలి ఇన్నమ్మకు నాలుగు మెత్తని దెబ్బలే పడ్డాయి. ఆమె చిన్నబుచ్చుకుని, నేనేమన్నా పాపం చేయలేని దాన్నా అని మళ్లీ వరుసలో నిలబడింది. రెండోసారి మద్దిలేటి ఆమె మీద గౌరవంతో పులివేషపు దరువు వేశాడు. మణెమ్మ చాలాసేపు చెప్పుకుంది. చెప్పుకుని లేచి, మొహం కడుక్కున్నంత తేటగా వచ్చి గోడ వారన నిలబడింది. రెండుసార్లు తోలు వదులైంది, రెండుసార్లూ ముక్తాయింపు పడింది, రెండుసార్లూ పాపి ఠక్కున నోరు మూసుకున్నాడు. ఏసయ్యకు తన తెలివి మీద తనకే ముచ్చటేసింది.

వాడి వంతు వచ్చింది. మంట చిన్నబోతోందని పోతూ పోతూ మిగిలిన కట్టెలన్నీ ఎత్తి మంటలో వేశాడు. పోయి గీత మీద మోకరించాడు. పలక మొదలైంది. గుర్రాన్ని తిట్టినవి, ఎక్కినవాళ్లతో ఆడిన అబద్ధాలు, పూజలో కునికిపాట్లు, చిన్నచిన్నవన్నీ చెప్పాడు. ఫాదరు చెవికి దొప్పలా చెయ్యి అడ్డం పెట్టి, గట్టిగా చెప్పు నాయనా అన్నాడు. ఏసయ్య గొంతు పెంచాడు. దరువూ పెరిగింది. ఇంకా గట్టిగా అన్నాడు ఫాదరు. ఇక లాభం లేదని, సంత రోజున బజారులో ఎద్దులబండ్లను తప్పుకోమని అరిచే గొంతు బయటికి తీశాడు ఏసయ్య.

కందికట్టెల అడుగున ఉన్నవి మిరపకట్టెలు. ఏరకుండా మిగిలిన నాలుగు పండు మిరపకాయలు వాటికే ఎండి ఉన్నాయి. అవి మంటలో పడి కమిరాయి. గాలి మద్దిలేటి వైపు తిరిగింది.

పలక కొట్టేవాడు ఎన్నైనా ఆపుకోగలడు, తుమ్మును ఆపుకోలేడు. తుమ్ముకు ముక్తాయింపు ఉండదు. మద్దిలేటి తుమ్మాడు. పలక ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో జట్కావాడి గొంతు కల్లం దాటి, గుడి దాటి, కడప రోడ్డు దాకా వినబడింది.

"మణెమ్మత్త పుంజును తిన్నది నేనే ఫాదరూ."

ఆ తర్వాత మిరపఘాటుకు అందరూ వరసగా తుమ్మారు. జ్వరం రోజులు, ఒక్క తుమ్ముకే ఊరు పారిపోయే రోజులు, అయినా ఒక్కరూ కదల్లేదు. అందరూ మణెమ్మ మొహమే చూస్తున్నారు. ఏసయ్య వెనక్కి తిరిగి చూసే ధైర్యం చేయలేదు, చెవులు మాత్రం వెనక్కే పెట్టుకున్నాడు. మణెమ్మ "ఓరి నీ" అంది. అక్కడ ఆగిపోయింది. ఎందుకంటే ఫాదరు పీట మీంచి లేచి, పెదవుల మీద వేలు పెట్టుకుని, అందరి వైపూ ఒక చుట్టు చూశాడు. మణెమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. లూదియా కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, ఏడుస్తోందో నవ్వుతోందో ఏసయ్యకు తెలియలేదు.

పలక మళ్లీ మొదలైంది. ఫాదరు వాడికి రెండు పనులు చెప్పాడు. ఒకటి, పుంజుకు పుంజు తిరిగి ఇవ్వాలి. రెండు, నీ మూలంగా ఎవరి మీద నింద పడిందో వాళ్లకు నీ నోటితో చెప్పుకోవాలి. నీ పాపం నువ్వు ఎవరికైనా చెప్పుకోవచ్చు, దానికి అడ్డం లేదు అన్నాడు.

ఆ రాత్రి ఆళ్లగడ్డ కతోలికుల వీధి చూడవలసిందే. అందరికీ తెలుసు, ఎవరూ అనకూడదు. కడుపులు ఉబ్బిపోయాయి. కోడి అనే మాటే వీధిలో వినబడకుండా పోయింది. గుడ్లు కావలసిన ఆవిడ ఎదురింటికి పోయి, తెల్లగా గుండ్రంగా ఉంటాయే అవి ఉన్నాయా అని అడిగింది. పెళ్లి ఆపుదామా అంటే మణెమ్మకు కారణం చెప్పే దారి లేదు. ఒట్టు ఒకవైపు, తిరుసభ చట్టం ఒకవైపు. ఎందుకమ్మా ఆపడం అని అడిగితే ఏం చెప్పాలి? యాడ విన్నావు అంటే ఏం చెప్పాలి? రోట్లో కారం పోసి ఎర్రగా దంచింది, వినేవాళ్లకు అది ఎవరి తలకాయో తెలుస్తూనే ఉంది.

ఏసయ్య ఓబయ్య ఇంటికి పోయాడు. ఓబయ్య మిషను ముందర కూర్చుని పెళ్లికొడుకు చొక్కాకే గుండీలు కుడుతున్నాడు. పుంజు సంగతి మొత్తం చెప్పి, నా మూలంగా నీకు మాట వచ్చింది, తప్పయిపోయింది అన్నాడు ఏసయ్య. ఇన్ని నెలలు ఈ మనిషి చేయని దొంగతనం మోశాడని అప్పుడు నిజంగా సిగ్గేసింది.

ఓబయ్య దారం పళ్లతో కొరికి తల ఎత్తాడు.

"రుచిగా ఉండెనా?"

"యాడన్నా, ముసలిది. ఉడకనే ల్యా."

"ఉసురు తగలక పోతాదా" అని ఓబయ్య లేచి పెరట్లోకి పోయి, తన దగ్గరున్న లేత పుంజును గంప కింద నుంచి తీసి ఏసయ్య చేతిలో పెట్టాడు. పెళ్లికి చదివింపు అనుకో, మణెమ్మక్క ఎట్లాగూ నన్ను పిలవదు గదా అన్నాడు.

తెల్లవారుజామున ఏసయ్య ఆ పుంజును చంకలో పెట్టుకుని మణెమ్మ వాకిట్లోకి చేరాడు. చప్పుడు చేయకుండా గుంజకు కట్టి పోదామని. కట్టే లోపలే అది గొంతెత్తి కూసింది. పేడనీళ్ల చెంబుతో మణెమ్మ బయటికొచ్చింది. అల్లుణ్ణి చూసింది, పుంజును చూసింది, పక్కింటి వైపు చూసింది. ఓబయ్య పుంజును ఆ వీధిలో గుర్తుపట్టని వాళ్లు లేరు. ఆమె నోరు రెండుసార్లు తెరుచుకుని రెండుసార్లు మూసుకుంది. లోపలికి పోయింది. కాసేపటికి ఓబయ్య ఇంటి ముందర నిలబడి, ఏమప్పా, మద్యాన్నం బువ్వకు రా అని కేకేసి, అతను బయటికి వచ్చేలోపు వెనక్కి వచ్చేసింది.

పెళ్లి గుడి బయట పందిట్లో జరిగింది. జనం పదడుగులకొకరు కూర్చునేసరికి నలభై మంది చుట్టాలు నాలుగు వందల మందిలా కనబడ్డారు. ఫాదరు దండల మధ్య నిలబడి, ఈ పెళ్లికి అడ్డం ఏమైనా తెలిసినవాళ్లుంటే ఇప్పుడే చెప్పండి అన్నాడు. అది ప్రతి పెళ్లిలోనూ అడిగేదే, ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు మాత్రం ఊరంతా ఊపిరి బిగబట్టింది.

మణెమ్మ లేచి నిలబడింది.

లూదియా చెయ్యి ఏసయ్య చేతిలో ఉంది, ఆ చెయ్యి వాణ్ణి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు వాడు ఎప్పటికీ మరచిపోలేదు. మణెమ్మ కూతురి చెయ్యిని చూసింది. ఆ చెయ్యి బిగించిన తీరు చూసింది. ఏమ్మా అన్నాడు ఫాదరు.

"ఏం ల్యా సామీ. కాలు తిమ్మిరెక్కింది" అని కూర్చుంది.

ఆ తర్వాత ఫాదరు లూదియాను ఇష్టమేనా అని అడిగాడు. సిగ్గుతో ఆ పిల్ల పెదవులు కదిలించిందే గానీ మాట పక్కనున్న ఏసయ్యకే సరిగా వినబడలేదు. ఫాదరు మాత్రం పదడుగుల అవతల నుంచి, మంచిదమ్మా అని తల ఊపి ముందుకు సాగాడు. పొద్దున్నే ఆయన చెవుల దిబ్బెడ వదిలింది. ఆ సంగతి ఏసయ్య ఒక్కడే గమనించాడు, పెళ్లి హడావిడిలో ఎవరితోనూ అనలేదు.

విందు గుడి పందిట్లోనే, మణెమ్మ ఇంట్లో కాదు కాబట్టి ఆమె ఒట్టు చెక్కుచెదరలేదు. అక్కడ కూడా దూరం పాటించాలని దేవసహాయం గరిటెలకు వెదురుకర్రలు కట్టించాడు. పదడుగుల నుంచి వడ్డించిన పులుసు సగం విస్తట్లో, సగం చుట్టాల ఒళ్లో పడుతోంది. ఫాదరు ఒక పక్క, ఓబయ్య ఒక పక్క, మధ్యలో పెళ్లికొడుకు. మద్దిలేటి పందిరి మూల పలక మోగిస్తున్నాడు. కోడికూర గిన్నె పట్టుకుని మణెమ్మ వచ్చింది. వెదురు గరిటెను పక్కన పారేసి, అల్లుడి పక్కన కూర్చుని, తొడ ముక్క చేత్తో తీసి విస్తట్లో వేసింది. ఏసయ్య తల ఎత్తలేదు.

"తిను అల్లుడా. నీకు కోడంటే పానమని ఇన్న్యా."

"యాడ ఇంటివత్తా?" అన్నాడు వాడు నీరసంగా.

మణెమ్మ అటూ ఇటూ చూసింది. పలక హోరుగా మోగుతోంది, పక్కవాడి మాట పక్కవాడికి వినబడడం లేదు. ఇదే అదను అనుకుంది. వాడి చెవి దగ్గరికి వంగి, నిన్నటి నుంచి కడుపులో తొక్కిపెట్టుకున్నదంతా గొంతులోకి తెచ్చుకుంది. అదే సమయానికి వంటపందిట్లో ఎవరో ఎండుమిరపకాయల తాళింపు పెట్టారు.

మద్దిలేటి తుమ్మాడు.

"ఆ ముసలి పుంజు ఎట్లా కొరికినావురా సామీ, నీ పండ్లు ఊడల్యా? నన్ను గూడ రోజూ పొడిచేది, పీడ పోయిందిలే. ఇది లేతది, కడుపు నిండా తిను" అన్న మణెమ్మ మాట పందిరంతా వినబడింది.

నమిలేవాళ్ల దవడలు ఆగిపోయాయి. మణెమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. పాపసంకీర్తనంలో విన్నమాట బయటపెట్టింది, నలుగురిలో, అదీ అందరికంటే ముందు లెంపలేసుకున్న మనిషి. దేవసహాయం మొహం ఉపదేశి మొహం అయిపోయింది. చెల్లెలైనా సరే, చట్టం చట్టమే అన్నట్టు లేచి, ఏం తీర్పు చెబుతాడా అని ఫాదరు వైపు చూశాడు. అందరూ అటే చూశారు.

జాన్ ఫాదరు నిదానంగా ముక్క చీకి, ఎముక విస్తరి పక్కన పెట్టి, చెవికి దొప్పలా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమిటయ్యా అందరూ నా వైపు చూస్తున్నారు? నాకు చెవులు దిబ్బెడ కదా" అన్నాడు. తర్వాత మణెమ్మ వైపు తిరిగి, ఆ లేత పుంజు ముక్క ఇంకొకటి వేయమ్మా అన్నాడు.